మొండితనం కాదు, మాట చాలకపోవడం
డౌన్ సిండ్రోమ్ బాలల ప్రవర్తనపై తొలగని అపోహలు

న్యూఢిల్లీ: తరగతి గదిలో పాఠం మొదలు కాగానే ఆ బాలుడు నేలమీద చతికిలబడతాడు. లేవమంటే లేవడు. బలవంతంగా లేపబోతే ఒళ్ళు బిగబడతాడు. మరుక్షణంలో ఉపాధ్యాయురాలి వైపు చూసి చిరునవ్వు నవ్వి, చేతులు జోడించి నమస్కారం పెడతాడు. డౌన్ సిండ్రోమ్‌తో జన్మించిన పిల్లల విషయంలో తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు తరచుగా ఎదురయ్యే దృశ్యమిది. 'మొండిఘటం' అన్న ముద్ర వేయడానికి, ఒక్కోసారి బడి మాన్పించడానికి కూడా ఈపాటి కారణం చాలుతోంది. అయితే ఈ ప్రవర్తన వెనుక వినికిడి లోపం మొదలు భావాన్ని మాటల్లో చెప్పలేకపోవడం వరకు పలు కారణాలు ఉంటాయని, వాటిని గుర్తించకుండా శిక్షిస్తే పరిస్థితి మరింత విషమిస్తుందని నిపుణులు స్పష్టం చేస్తున్నారు.

మానవ కణంలో సాధారణంగా 23 జతల క్రోమోజోములు ఉంటాయి. 21వ జతలో రెండింటికి బదులు మూడు ఉండడమే డౌన్ సిండ్రోమ్‌కు మూలం. బ్రిటిష్ వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో ఈ స్థితిని వర్ణించగా, ఫ్రాన్సుకు చెందిన జెరోమ్ లెజూన్ బృందం 1959లో జన్యు కారణాన్ని ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా సుమారు వెయ్యి జననాలలో ఒకటి ఇటువంటిది. 21వ క్రోమోజోము మూడుగా ఉండడానికి సంకేతంగా మూడవ నెల 21వ తేదీని ఐక్యరాజ్యసమితి 2012 నుంచి ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా పాటిస్తోంది. తల్లి వయసు పెరిగేకొద్దీ దీని అవకాశం పెరుగుతున్నా, చిన్న వయసు తల్లులకూ ఇటువంటి పిల్లలు కలుగుతున్నారు. ఇందులో తల్లిదండ్రుల తప్పిదమంటూ ఏదీ లేదు.

వినికిడి, నిద్ర కూడా కారణాలే

ఈ పిల్లలు ఎల్లవేళలా నవ్వుతూ, చెప్పినట్లు వింటూ ఉంటారన్నది ఒక అపోహ. వారు సహజంగానే మొండివారన్నది మరొక అపోహ. ఎదుటివారిని గమనించడంలో, అనుకరించడంలో, స్నేహంగా మెలగడంలో వీరు చాలావరకు ముందుంటారు. వెనుకబడేది ప్రధానంగా మాటలోనే. విన్నది అర్థం చేసుకోగలిగినంతగా తిరిగి చెప్పలేరు. కడుపునొప్పి అనో, పని కష్టంగా ఉందనో చెప్పలేని బాలుడు నేలమీద కూర్చుండిపోతాడు. కష్టమైన పని ఎదురైనప్పుడు నవ్వించి, ఏమార్చి దానినుంచి తప్పుకొనే నేర్పు కూడా ఈ పిల్లల్లో కనిపిస్తుందని పరిశోధకులు గుర్తించారు.

శారీరక కారణాలూ తక్కువేమీ కావు. మధ్యచెవిలో నీరు చేరి వినికిడి తగ్గడం, థైరాయిడ్ లోపం, నిద్రలో శ్వాసకు అంతరాయం వీరిలో అధికం. రాత్రి సరిగా నిద్రపట్టని బాలుడు పగలు చిరాకు పడితే అది స్వభావ దోషం కాదు. అందువల్ల ప్రవర్తనలో ఆకస్మికంగా మార్పు కనిపిస్తే మొదట వైద్య పరీక్ష చేయించాలన్నది నిపుణుల సూచన. పెద్దవారైన తరువాత తమలో తాము మాట్లాడుకోవడం, రోజూ ఒకే క్రమాన్ని పట్టుకుని ఉండడం కూడా వీరిలో సాధారణమే. వాటిని మతిభ్రమణంగా పొరబడరాదు.

కాగా, అపరిచితులను సైతం చొరవగా కౌగిలించుకునే అలవాటును ముద్దుగా చూసి వదిలివేయడం ప్రమాదకరం. ఐదేళ్ళ వయసులో ముచ్చటగొలిపే ఈ చనువు పదిహేనేళ్ళ వయసులో అపార్థాలకు, అంతకుమించి లైంగిక దోపిడీకి దారితీయవచ్చు. ఇంట్లోవారికి కౌగిలి, పరిచయస్తులకు నమస్కారం, అపరిచితులకు దూరం అన్న తేడాను చిన్ననాటి నుంచే నేర్పవలసి ఉంటుంది.

సికింద్రాబాద్ కొలమానం

ఈ రంగంలో మన దేశానికి తగిన కొలమానం రూపొందింది సికింద్రాబాద్‌లోనే కావడం గమనార్హం. అక్కడ 1984లో ఏర్పాటైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ప్రస్తుత జాతీయ మేధో వైకల్య వ్యక్తుల సాధికారత సంస్థ) నిపుణులు రీటా పెషావరియా, ఎస్.వెంకటేశన్ 1992లో భారతీయ బాలల కోసం ప్రవర్తన మదింపు పట్టికను వెలువరించారు. మొదటి భాగంలో నడక, నిత్యకృత్యాలు, భాష, చదువు, అంకెలు–కాలం, ఇంటిపని–సాంఘిక నడవడి, వృత్తిపూర్వ నైపుణ్యం–డబ్బు అనే 7 విభాగాల కింద 280 నైపుణ్యాలు ఉన్నాయి. రెండవ భాగంలో 75 సమస్యాత్మక ప్రవర్తనలను పొందుపరిచారు. అంటే బాలుడు చేసే అల్లరికంటే ముందు అతనికి చేతనైనదేమిటో లెక్కించాలన్నమాట.

చికిత్సా విధానం సైతం సరళమైనదే. అల్లరికి ముందు ఏం జరిగింది, బాలుడు ఏం చేశాడు, దాని ఫలితంగా అతనికి ఏం దక్కింది అన్న మూడు విషయాలను తల్లి కొద్దిరోజులు రాసి ఉంచుకుంటే కారణం బయటపడుతుంది. ఏడవగానే బిస్కట్ ఇస్తే ఏడుపునే నేర్పినట్లవుతుంది. చూసి నేర్చుకునే శక్తి వీరికి ఎక్కువ కనుక బొమ్మల సాయంతో దినచర్య చూపడం, పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం మంచి ఫలితాలనిస్తాయి.

ఉపాధికి చట్టం అండ

ఈ నైపుణ్యాలపైనే రేపటి జీవనోపాధి ఆధారపడి ఉంది. వేళకు రావడం, అతిథిని పలకరించడం, తన వంతు కోసం ఆగడం తెలిసినవారు హోటళ్ళలో సమర్థంగా పనిచేయగలరని లెమన్ ట్రీ హోటళ్ళ సంస్థలో ఉద్యోగాలు పొందిన డౌన్ సిండ్రోమ్ యువకులు నిరూపించారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కనీసం 40 శాతం వైకల్యం గల బాలలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్యను హక్కుగా ప్రకటించింది. ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ కల్పించి, అందులో ఒక శాతాన్ని మేధో వైకల్యం, ఆటిజం, మానసిక రుగ్మత తదితర వర్గాలకు కేటాయించింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ పథకం ద్వారా లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభిస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మేధో వైకల్యం గలవారు సుమారు 15 లక్షలు. వైద్యం మెరుగుపడడంతో డౌన్ సిండ్రోమ్ వ్యక్తుల ఆయుర్దాయం గణనీయంగా పెరిగింది. అమెరికాలో 1983లో సగటున 25 ఏళ్ళున్నది ఇప్పుడు దాదాపు 60కి చేరింది. అంటే తల్లిదండ్రుల అనంతరం కూడా వీరిలో అనేకులు జీవించి ఉంటారు. 18 ఏళ్ళు నిండినవారికి సంరక్షకుని నియమించే అధికారం జిల్లా కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి ఉన్నప్పటికీ, సంరక్షకుడు చేయగలిగింది కొంతే. నొప్పి వేస్తే చెప్పగలగడం, వద్దన్నప్పుడు వద్దనగలగడం, నలుగురిలో మెలగగలగడం అనే ఆస్తిని మాత్రం తల్లిదండ్రులు తాము ఉన్నప్పుడే సమకూర్చి ఇవ్వాలి.