పోయినేటి పంచాంగం

పోయినేటి పంచాంగం చూసి యీ యేటి పెళ్ళికి ముహూర్తం పెట్టే పురోహితుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూసివుండరు. పంచాంగం అట్టమీద సంవత్సరం పేరు అచ్చువేసి వుంటుంది గనక ఆ పొరపాటు జరగదు. అట్టమీద సంవత్సరం లేని పుస్తకం రాసి, పదమూడేళ్ళపాటు నలుగురిచేతా చదివించిన ఘనత మాత్రం నాది.

విజయనగరంలో తెలుగు పాఠం చెప్పుకునేవాడికి కంప్యూటర్లతో యేం పని అంటారా? 2012లో మా కాలేజీలో నాలుగు కంప్యూటర్లు మూలపడివుంటే, ఒక విద్యార్థి సాయంతో వాటిలో లైనక్స్ ఎక్కించి చూశాను. నాలుగూ లేచి కూర్చున్నాయి! ఆ వుత్సాహంలో, ఏ యంత్రానికి ఏది మేలో పోల్చి చెబుతూ ముప్ఫైరెండు పేజీల పుస్తకం రాసి, జిరాక్సు తీయించి పంచిపెట్టాను.

కంప్యూటరును నడిపించే మూలవిద్యను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. కొన్ని కంపెనీలు ఆ విద్యను గుట్టుగా వుంచి డబ్బుకు అమ్ముతాయి. కొందరు మాత్రం, ఆవకాయ పాళ్ళు పక్కింటావిడకు చెప్పినట్టు, లోపలి రాత అంతా బయట పెట్టేస్తారు. ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు, పంచుకోవచ్చు. 1991లో హెల్సింకీలో చదువుకునే లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు మొదలుపెట్టిన లైనక్స్ అలాంటిదే. దాని చుట్టూ 1993లో డెబియన్, 2004లో వుబుంటు పుట్టాయి. మన సీ-డాక్ సంస్థ బాస్ అనే రకాన్ని తయారుచేసింది. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థవారు తెరమీద తెలుగు మాటలే కనిపించేలా మరొకటి కూర్చారు.

చిక్కల్లా యెక్కడంటే, యీ సంతానం ఒక్కచోట నిలవదు. నేను మెచ్చుకున్న మాండ్రివా కంపెనీ 2015లో మూతపడింది. పాత 32 బిట్ల యంత్రానికి వుబుంటు వేసుకోమన్నాను. 2017లో వారు అలాంటి యంత్రాలకు డెస్క్‌టాప్ ప్రతి యివ్వడం మానేశారు. పోనీ డెబియన్ వుందిలే అనుకుంటే, 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదలతో అదీ ఆ దారే పట్టింది. 2019లో ఒక పేజీ అతికించి, సెంటాస్ 8కి 2029 దాకా ఢోకా లేదని రాశాను. అది 2021 చివరికే ముగిసింది. నా పేజీ మాత్రం 2029 అనే చెబుతూ వచ్చింది!

దిద్దాలని తెలియదా అంటే తెలుసు. ఈ సెలవుల్లో దిద్దుదాం, ఆ సెలవుల్లో దిద్దుదాం అనుకుంటూ వచ్చాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే సవరణలు ఆగిపోయాయి. పాత యంత్రాలున్న యిళ్ళలో గాభరా మొదలయింది. నా పుస్తకం మళ్ళీ చేతులు మారింది. ఆ రోజుల్లోనే పాలకొండవైపునుంచి ఒకాయన, మా విద్యార్థిని తండ్రి, కూతుర్ని వెంటబెట్టుకుని మా యింటికి వచ్చాడు.

"పుస్తకంలో వున్నట్టే సేసినాదండి మా గుంట. అన్నీ పోనాయి మేస్టారూ" అన్నాడు.

పుస్తకంలో యేముంది? "నాలుగో తెరమీద రెండవది నొక్కవలెను" అని వుంది. 2012లో అది పాత ఫైళ్ళను వుంచి పక్కన చోటు చేసుకునే మాట. కొత్త విడుదలలో తెరల వరస మారింది. ఆ పిల్ల నొక్కినది డిస్కంతా చెరిపేసేది. అందులో వాళ్ళ నాయనమ్మ పాడిన దంపుళ్ళ పాటలు పదకొండున్నాయి. ఆవిడ అంతకు ముందేడే పోయింది.

ఆయన నన్ను ఒక్క మాటైనా అనలేదు. అనివుంటే బాగుండేది.

ఆ రాత్రే పుస్తకం ముందు వేసుకుని కూర్చున్నాను. మా వూరి గురజాడవారు గుర్తొచ్చారు. 1897లో అచ్చయిన "కన్యాశుల్కం" నాటకాన్నే ఆయన 1909లో దాదాపు కొత్తగా తిరగరాశారు. అంతటివారికి లేని బద్ధకం నాకెందుకు?

మొదటి పేజీలో, ముందు ఫైళ్ళన్నిటికీ వేరేచోట నకలు తీసుకొమ్మని రాశాను. "నాలుగో తెర, రెండవది" అన్న మాటలన్నీ కొట్టేశాను. వరస మారుతుంది, అర్థం మారదు. అంచేత, చెరిపేస్తానన్న మాట కనబడితే ఆగిపొమ్మని రాశాను. ఎక్కించేముందు పెన్ డ్రైవునుంచే నడిపి చూడమన్నాను. సవరణలు ఎన్నాళ్ళు వస్తాయో నా మాట నమ్మక, తయారుచేసినవారి ప్రకటనలోనే చూసుకొమ్మన్నాను. పదకొండు రకాల్లో నాలుగే వుంచాను: డెబియన్, వుబుంటు, మింట్, బాస్. ఏటేటా మేం స్వయంగా ఎక్కించి చూడగలిగినవి నాలుగే మరి! ప్రతి పేజీ అడుగునా పరీక్షించిన తేదీ వుంటుంది. డెబియన్ పేజీ కింద తేదీ వేసింది ఆ పాలకొండ అమ్మాయే.

పాటల్లో నాలుగు, సాలూరులో వాళ్ళ మేనమామ ఫోనులో దొరికాయి. వాటికి మూడు చోట్ల నకళ్ళు తీశాం. మిగతా యేడూ దొరకలేదు.

కొత్త ప్రతి అట్టమీద పెద్దక్షరాలతో సంవత్సరం వేయించాను: "పరాభవ నామ సంవత్సరం, 2026. వచ్చే వుగాది తరువాత దీన్ని నమ్మవద్దు."

మా ఆవిడ చూసి, "పేరు మీకు సరిగ్గా కుదిరిందండీ" అన్నది.