కాలేయంలో దారి వేసే వంకర సూది

మేము పీజీలో చదువుతున్నది వైద్య పరికరాల రూపకల్పన. "అంటే ఏంది అన్నా, డాక్టర్ చదువా, ఇంజనీర్ చదువా?" అని తమ్ముళ్ళు అడుగుతుంటారు. ఒక్క సూది గురించి చెబితే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

మన జమ్మికుంట వైపు ఎవరికైనా కడుపులో నీరు చేరితే "తాగి తాగి లివర్ ఖరాబ్ చేసుకున్నడు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. గుడుంబా చేసిన నష్టం అబద్ధం కాదు. కానీ హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వైరస్‌లు, షుగర్ జబ్బుతో పాటు వచ్చే కొవ్వు కూడా కాలేయాన్ని అదే స్థితికి తెస్తాయి. జీవితంలో చుక్క ముట్టని మనిషిని కూడా మనవాళ్ళు తాగుబోతును చేసేస్తారు. ఇది మానుకోవాలి.

పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి వెళ్తుంది. కాలేయం మచ్చలు కట్టి గట్టిపడితే, అంటే సిర్రోసిస్ వస్తే, ఆ రక్తానికి దారి సరిపోదు. కాకతీయ కాలువలో తూము పూడుకుపోతే వెనక నీళ్ళు ఎక్కి, గట్టు బలహీనంగా ఉన్నచోట తెగుతుంది కదా! ఇక్కడా అంతే. పోర్టల్ సిరలో పీడనం పెరిగి, అన్నవాహికలోని సన్నని సిరలు ఉబ్బి ఒకరోజు పగులుతాయి. మనిషి రక్తం కక్కుకుంటాడు. కాలేయానికి ముందు, తర్వాత ఉన్న పీడనాల మధ్య తేడా మామూలుగా 5 మిల్లీమీటర్ల పాదరసం దాటదు. అది 12కు చేరితే ఈ ప్రమాదం మొదలైనట్లే.

మొదట మందులు ఇస్తారు, ఎండోస్కోపీతో ఆ సిరలకు రబ్బరు బ్యాండ్లు వేస్తారు. వాటికీ లొంగకపోతే ఉన్న మార్గాల్లో ఒకటి 'టిప్స్'. కడుపు కోయరు. మెడలోని సిరలో సన్నని గొట్టం పెట్టి, గుండె కుడి గది మీదుగా కాలేయం వెనక ఉన్న హెపాటిక్ సిరలోకి దింపుతారు. అక్కడి నుంచి సూదితో కాలేయాన్నే పొడుచుకుంటూ ముందువైపు ఉన్న పోర్టల్ సిరలోకి వెళ్తారు. ఆ రంధ్రాన్ని బెలూన్‌తో వెడల్పు చేసి, 8 నుంచి 10 మిల్లీమీటర్ల స్టెంట్ పెడతారు. రక్తానికి అడ్డదారి దొరుకుతుంది. ఈ ఆలోచనను జోసెఫ్ రోష్ బృందం 1969లో అమెరికాలో జంతువుల మీద చూపించింది. లోహపు స్టెంట్‌తో మనిషికి మొదటిసారి చేసింది 1988లో, జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఏఐజీ వంటి ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారు.

ఇందులో అన్నిటికన్నా కష్టం సూది పొడవడం. మెడ నుంచి దిగిన గొట్టం కిందికి చూస్తుంటుంది, పోర్టల్ సిర పక్కన, ముందువైపు ఉంటుంది. నిటారు సూది అక్కడికి పోదు. మన మార్కెట్ యార్డులో బస్తా మూతి కుట్టే హమాలీ దబ్బనం చూడండి, కొన కొద్దిగా వంగి ఉంటుంది. ఆ వంపు ఉంటేనే లోపలికి పోయిన కొన మళ్ళీ పైకి తేలుతుంది. టిప్స్ సూదికీ అందుకే వంపు ఉంటుంది. కానీ ఆ వంపు ఫ్యాక్టరీలో ఖాయమైపోయింది, రోగుల కాలేయాలు మాత్రం ఒక్క తీరున ఉండవు. సిర్రోసిస్‌లో కాలేయం కుంచించుకుపోయి సిరల మధ్య కోణాలే మారిపోతాయి. మొదటి పోటు తగలకపోతే రెండోది, మూడోది. సూది కాలేయం పై పొర దాటి బయటికి వస్తే కడుపులో రక్తస్రావం. ఈ రోగులకు రక్తం సరిగా గడ్డకట్టదు కూడా. అందుకే ఒక్క పోటు తగ్గినా గొప్పే.

లెక్క చూద్దాం, పదో తరగతి గణితం చాలు. సూది 60 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంగి 40 మిల్లీమీటర్లు ముందుకు పోతే, కొన సుమారు 13 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. వ్యాసార్ధం 80 అయితే 10 మాత్రమే. పోర్టల్ సిర వెడల్పే సుమారు ఒక సెంటీమీటరు. అక్కడ 3 మిల్లీమీటర్లంటే సిర మధ్యలో తగలడానికి, అంచున జారిపోవడానికి ఉన్న తేడా.

అనుభవమున్న డాక్టర్లు స్కాన్ చూసి, స్టీలు గొట్టాన్ని ముందే చేత్తో ఇంకొంచెం వంచుకుంటారు. స్టీలు వంచితే అలాగే ఉండిపోతుంది కాబట్టి అది సాధ్యం. అయితే లోపలికి పోయాక మార్చలేము. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ అలా కాదు. 6 నుంచి 8 శాతం సాగదీసినా వదిలితే తన ఆకారానికి వచ్చేస్తుంది. వంకర నిటినాల్ సూదిని నిటారు స్టీలు గొట్టంలో దాచి, ఎంత బయటికి నెడితే అంత పక్కకు పోయేలా చేయవచ్చు. లేదా రెండు వంకర గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చవచ్చు. వంపులు ఒకేవైపు ఉంటే బాగా వంగుతుంది, లోపలిదాన్ని సగం చుట్టు తిప్పితే దాదాపు నిటారవుతుంది. కాకపోతే లోపలి గొట్టం మెలిపడి ఒక్కసారిగా తిరిగిపోయే భయం ఉంది. మూడోది గొట్టానికి ఒకవైపు గాట్లు పెట్టి, సైకిల్ బ్రేకు తీగలాంటి దానితో లాగడం. వంపు చక్కగా చేతిలో ఉంటుంది కానీ గాట్లు పడ్డ గొట్టం బలం తగ్గుతుంది. మా ఓటు మొదటిదానికే. పిడి మీద గుర్తులు పెడితే ఎంత వంగిందో డాక్టరుకు తెలుస్తుంది.

ఇవన్నీ ఎక్కడో విదేశాల్లోనే జరగాలని లేదు. 1990లలో హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చు గుండె స్టెంట్ మీద పనిచేశారు. ఒకరు గుండె డాక్టరు, ఇంకొకరు క్షిపణుల ఇంజనీరు. అది 'కలాం-రాజు స్టెంట్' అని పేరు పొందింది. ఐటీఐ ఫిట్టర్ చదివిన అన్నలూ, గొట్టం మీద సన్నని గాటు పెట్టడం మీ చేతిపనే.

తమ్ముళ్ళు హాస్టల్‌లోనే చేసి చూడవచ్చు. కూల్‌డ్రింక్ స్ట్రాకు కొన దగ్గర ఒకవైపు ఐదారు గాట్లు పెట్టండి. కొనకు దారం కట్టి, లోపలి నుంచి వెనక్కి తెచ్చి లాగండి. గాట్లు మూసుకుని స్ట్రా అటువైపే వంగుతుంది. ఇప్పుడు దాన్ని గడ్డ పెరుగులోకి దించుతూ దారం లాగండి (మన మెస్సు మజ్జిగ పనికిరాదు). ఆ తర్వాత పచ్చి ఆలుగడ్డలో ప్రయత్నించండి. పెరుగులో చెప్పినట్టు వంగిన స్ట్రా ఆలుగడ్డ దగ్గర గాట్ల చోట మడత పడుతుంది. గట్టిపడిన కాలేయం ముందు మా సూదికి ఉన్న చిక్కు అదే.