సైకిలునకు తగిన లోహము

సైకిలునకు ఇంజను లేదు. త్రొక్కువాని కాలిబలమే దానికి ఆధారము. ఆ బలము వ్యర్థము గాక చక్రమునకు అందవలెనన్నను, ఎక్కినవాడు క్షేమముగా ఇల్లు చేరవలెనన్నను, ఏ భాగమునకు ఏ లోహము తగునో ఎరిగి నిర్మింపవలెను.

1885వ సంవత్సరమున ఇంగ్లాండునందలి కోవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ అను సైకిలును నిర్మించెను. నేటి సైకిళ్ల రూపమునకు అది మార్గదర్శి. పిమ్మట చాలకాలము సైకిలు చట్రములు ఎక్కువగా ఉక్కు గొట్టములతోనే తయారైనవి. తరువాత అల్యూమినియము, టైటానియము వాడుకలోనికి వచ్చినవి.

లోహమునకు దృఢత్వము, బలము అను రెండు గుణములు కలవు. ఈ రెండును ఒకటి కావు. భారము మోపినపుడు తేలికగా వంగకుండుట దృఢత్వము. అధికభారమునకు సైతము విరుగక, శాశ్వతముగా వంకరపోక నిలుచుట బలము. ఉక్కును కాచి చల్లార్చియు, ఇతర లోహములను కొంచెము కలిపియు దాని బలమును ఎంతో పెంచవచ్చును. దృఢత్వము మాత్రము ఇంచుమించు మారదు.

ఒక ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.8 గ్రాములు, అల్యూమినియము 2.7 గ్రాములు తూగును. అనగా ఉక్కు దాదాపు మూడు రెట్లు బరువు. దృఢత్వమునందును అది దాదాపు మూడు రెట్లు మిన్న. టైటానియము ఈ రెండు విషయములందును వాని నడుమ నిలుచును. అది త్రుప్పు పట్టదు గాని వెల అధికము.

అట్లయిన అల్యూమినియము వలన లాభమేమి? ఆ లాభము గొట్టము ఆకారములో ఉన్నది. పలుచని గొట్టము యొక్క మందమును మార్పక వ్యాసమును రెట్టింపు చేసినచో బరువు రెండు రెట్లగును. వంగకుండు శక్తి ఎనిమిది రెట్లగును. ఒక ఉక్కు గొట్టము బరువు 3 పాళ్లు, దాని దృఢత్వము 3 పాళ్లు అనుకొనుడు. అదే కొలతల అల్యూమినియపు గొట్టమునకు రెండును ఒక్కొక్క పాలే. వ్యాసమును రెట్టింపు చేయగా బరువు 2 పాళ్లు, దృఢత్వము 8 పాళ్లు అగును. కావుననే అల్యూమినియపు చట్రముల గొట్టములు లావుగా నుండును. అయితే లావునకు తోడు మరీ పలుచనైన గొట్టము చిన్న దెబ్బకే సొట్టపోవును.

రిమ్ములకును అల్యూమినియము తగినది. రిమ్మును ఒరయు బ్రేకు, వానలో తడిసిన ఉక్కు రిమ్ముపై జారును. అల్యూమినియముపై అంతకంటె చక్కగా పట్టును. చైను, చక్రపు పుల్లలు, ఇరుసులోని గుండ్లు మాత్రము సాధారణముగా ఉక్కువే. సన్నని భాగమున అధికభారమును, ఒరపిడిని ఓర్చుటకు ఉక్కు తగినది.

ఇంకొక భేదము ప్రాణములకు సంబంధించినది. తీగను పలుమారు అటునిటు వంచినచో తుదకు తెగును. ఒక మితికి లోబడిన భారమును ఉక్కు లక్షలమార్లు మోసినను చెడదు. అల్యూమినియమునకు అట్టి స్పష్టమైన మితి లేదు. స్వల్పభారములు సైతము చిరకాలమునకు పగులు పుట్టింపవచ్చును. అందువలన దానితో చేయు హ్యాండిలును, క్రాంకును తగినంత మందముగా చేయుదురు. ఏ లోహమైనను, ఆ భాగములందు వెంట్రుకవంటి పగులు కనబడినచో ఆ సైకిలు నెక్కరాదు. భాగమును మార్చిన పిదపనే నడుపవలెను.