పడుకునే ముందు పియానో

‘డాక్టరు గారూ, బీపీ మాత్రలతో పాటు నిద్రకు కూడా ఓ పది మాత్రలు రాసేయండి’. ఓపీలో ఈ మాట వినపడని రోజు ఉండదు. అడిగేవాళ్లలో చాలామందికి పెద్ద జబ్బేమీ ఉండదు. రాత్రి పదకొండింటి దాకా టీవీ, ఆ తర్వాత పన్నెండున్నర దాకా ఫోను. మధ్యలో ఆఫీసు వాట్సాప్ గ్రూపు, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మోకాళ్ల నొప్పులు. ఇవన్నీ బుర్రలో గిర్రున తిరుగుతుంటే నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? పక్కింటివాళ్లు వేసుకుంటున్నారని ఆల్ప్రజోలం తెచ్చుకుని మింగేవాళ్లూ ఉన్నారు. అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. కొన్ని వారాల్లోనే అలవాటుగా మారుతుంది. పెద్దవాళ్లయితే రాత్రి బాత్‌రూముకు లేచి తూలి పడే ప్రమాదం కూడా ఉంది.

ఇలా వచ్చేవాళ్లలో కొందరికి నేను మాత్రకన్నా ముందు ఓ అరగంట సంగీతం చెబుతుంటాను. అందులోనూ పియానో. ‘మనకు పియానో ఏమిటండీ’ అని నవ్వేవాళ్లు ఉంటారు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సంగీతం బీపీ మాత్రకు బదులు కాదు, సుగర్ మాత్రకు బదులు కాదు. ‘ఈ రాగం వింటే మందులే అక్కర్లేదు’ అని తిరిగే వీడియోలను నమ్మి మాత్రలు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అలాగని సంగీతం ఉత్త కాలక్షేపమూ కాదు. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2022లో నిద్రలేమి మీద 13 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. మొత్తం 1007 మంది. రోజూ 25 నుంచి 60 నిమిషాలు సంగీతం విన్నవాళ్లు నిద్ర మెరుగైందని చెప్పారు. వాళ్లు విన్నది పియానో ఒక్కటే కాదు. పియానోను ఎంచుకోవడం నా ఇష్టం, దానికి నా కారణాలు నాకున్నాయి.

మాటలు ఉండవు, మోత ఉండదు

మొదటి కారణం, దీనికి సాహిత్యం లేదు. మనకు బాగా తెలిసిన సినిమా పాట పెట్టుకుంటే బుర్ర దాని వెంట పోతుంది. చరణం అందుకుంటుంది, సినిమా గుర్తొస్తుంది, ఆ సినిమా చూసిన రోజులు గుర్తొస్తాయి. మాట లేని వాద్యంలో ఆ తోవ ఉండదు. రెండోది ధ్వని. పియానోలో మీట నొక్కితే లోపల సుత్తి తీగను కొట్టి వెనక్కి వస్తుంది. ఆ స్వరం పుట్టిన క్షణం నుంచే తగ్గుతూ పోయి గాలిలో కలుస్తుంది. సుమారు 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలోమియో క్రిస్టొఫోరి దీన్ని తయారుచేశాడు. అప్పటిదాకా ఉన్న హార్ప్‌సికార్డులో వేలు ఎంత గట్టిగా నొక్కినా ఒకే శబ్దం. కొత్త వాద్యం మెల్లగా కూడా పలికింది, గట్టిగా కూడా పలికింది. ‘మెల్లగా’ అనే అర్థమున్న ఇటలీ మాటే దాని పేరుగా నిలిచింది. పియానో అంటే అదే.

కింద చెప్పేవన్నీ ఫోనులో దొరుకుతాయి. పేర్లు టైపు చేయడం కష్టమైతే మైకు గుర్తు నొక్కి పలకండి, చాలు.

ఎరిక్ సాటీతో మొదలుపెట్టండి. ‘జిమ్నొపెడీ నంబర్ 1’, 1888 నాటిది. మూడు, మూడున్నర నిమిషాలు. ఎడమ చెయ్యి మెల్లగా ఊయల ఊపుతున్నట్టు ఉంటుంది, కుడి చెయ్యి అవసరమైనన్ని స్వరాలే పలుకుతుంది. పాశ్చాత్య సంగీతం ఎప్పుడూ విననివాళ్లకు నేను చెప్పే మొదటి పేరు ఇదే. ఆ తర్వాత డెబ్యుసీ స్వరపరచిన ‘క్లేర్ ద లూన్’. అంటే వెన్నెల. ఐదు నిమిషాలు. డాబా మీద పడుకున్న రోజులు గుర్తున్నవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు.

బీథోవెన్ ‘మూన్‌లైట్ సొనాటా’ (1801) చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ పేరు ఆయన పెట్టింది కాదు, తర్వాత ఒక విమర్శకుడి పోలిక నుంచి వచ్చింది. దీని మొదటి భాగం రాత్రికి ఎంతో బాగుంటుంది. అయితే ఒక చిక్కుంది. మూడో భాగం తుపానులా విరుచుకుపడుతుంది. మొత్తం సొనాటా పెట్టుకుని కళ్లు మూసుకుంటే కాసేపటికి ఉలిక్కిపడి లేస్తారు. మొదటి భాగం మాత్రమే పెట్టుకోండి. దీన్ని రాసేనాటికే ఆయనకు వినికిడి తగ్గుతోంది. మరుసటి ఏడాది తమ్ముళ్లకు రాసి పంపకుండా దాచుకున్న లేఖలో ఆ బాధనంతా వెళ్లబోసుకున్నాడు.

షోపాన్ దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పోలండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఈయన రాసిన ‘నాక్టర్న్’లు అంటే రాత్రిపూట సంగీతమే. ‘ఓపస్ 9, నంబర్ 2’ నాలుగున్నర నిమిషాలు ఉంటుంది. ఒకే రాగాన్ని తిప్పితిప్పి పాడినట్టే ఉంటుంది కానీ, ప్రతిసారీ కొత్త సంగతి వేస్తాడు. మన కీర్తనల్లో పల్లవికి సంగతులు వేస్తారే, ఆ అలవాటున్న చెవికి ఇట్టే పట్టుబడుతుంది. ఆయన 1838-39 చలికాలంలో దగ్గుతో బాధపడుతూ స్పెయిన్‌లోని మజోర్కా దీవికి వెళ్లాడు. అది క్షయ అని తెలియగానే అద్దె ఇంటాయన ఖాళీ చేయించాడు. కొండ మీద పాడుబడ్డ మఠంలో తల దాచుకుని, ఆ చలిలోనే ‘ప్రెల్యూడ్స్’ పూర్తి చేశాడు. వాటిలో 15వది ‘రెయిన్‌డ్రాప్’. చూరు నుంచి చినుకు పడుతున్నట్టు ఒకే స్వరం మొదటి నుంచి చివరి దాకా వినిపిస్తుంటుంది. 1849లో 39 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం గుండెను సీసాలో భద్రపరచి వార్సా చేర్చారు. 2014లో నిపుణులు ఆ సీసాను తెరవకుండానే పరిశీలించి, క్షయ గుండె పొరకు పాకి ఉండొచ్చని 2017లో ప్రకటించారు.

ఆయన కాలంలో క్షయకు మందు లేదు. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, మందులకు లొంగే మామూలు క్షయ అయితే ఆరు నెలల్లో నయమవుతుంది. అయినా ‘టీబీ అని చెబితే ఇల్లు ఖాళీ చేయమంటారు సార్’ అని ఇప్పటికీ మా దగ్గర గొంతు తగ్గించి చెప్పేవాళ్లు ఉన్నారు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోండి.

డాక్టరుకు అంకితమైన సంగీతం

నిద్ర రాకపోవడం వేరు, మనసే చచ్చుబడిపోవడం వేరు. రష్యా స్వరకర్త రఖ్మానినోఫ్ మొదటి సింఫనీ 1897లో ఘోరంగా విఫలమైంది. ఆ దెబ్బకు దాదాపు మూడేళ్లు పెద్ద రచన ఏదీ చేయలేకపోయాడు. 1900లో నికొలాయ్ దాల్ అనే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన నెలల తరబడి హిప్నాసిస్‌తో, మాటలతో చికిత్స చేశాడు. ఆ తర్వాత పుట్టిందే ‘రెండో పియానో కచేరీ’. ఆ రచనను రఖ్మానినోఫ్ దాల్‌కే అంకితమిచ్చాడు. మా వృత్తిలోవాళ్లకు ఇంతకన్నా గొప్ప ఫీజు ఎవరూ ఇచ్చి ఉండరు! దాని రెండో భాగాన్ని, సుమారు పదకొండు నిమిషాలు, తీరిగ్గా వినండి. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి తగ్గడం, బతుకు దండగ అనిపించడం ఉంటే మాత్రం వింటూ కూర్చోకుండా మానసిక వైద్యులను కలవండి. ఆయనా కలిశాడుగా.

జాజ్ అంటే గోల అనుకునేవాళ్లు బిల్ ఇవాన్స్ ‘పీస్ పీస్’ (1958) వినాలి. ఎడమ చెయ్యి రెండే రెండు తీగల గుత్తులను ఆరు నిమిషాలకు పైగా పట్టుకుని ఉంటుంది, శ్రుతి పెట్టెలాగా. కుడి చెయ్యి దాని మీద ఆలాపన చేసినట్టు తిరుగుతుంది. కీత్ జారెట్ 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో చేసిన కచేరీ జగత్ప్రసిద్ధం. నడుము నొప్పి, నిద్రలేని రాత్రులు, దానికి తోడు నిర్వాహకులు తెచ్చిపెట్టిన నాసిరకం పియానో. ఆ స్థితిలో అప్పటికప్పుడు అల్లి గంటకు పైగా వాయించాడు. అది రాత్రికి పనికిరాదు, ఆదివారం పొద్దుటికి బాగుంటుంది. రాత్రికైతే ఆయనదే ‘ద మెలొడీ ఎట్ నైట్, విత్ యూ’. తీవ్రమైన నీరసపు జబ్బుతో కచేరీలు మానేసిన రోజుల్లో, కాస్త ఓపిక వచ్చినప్పుడల్లా ఇంట్లోనే వాయించి రికార్డు చేశాడు. ఒక్క స్వరం కూడా ఎక్కువ లేదు. 2018లో రెండుసార్లు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. దానితో ఆయన కచేరీలు ఆగిపోయాయి.

జపాన్‌కు చెందిన ర్యూయిచి సకమోటో ‘మెర్రీ క్రిస్మస్ మిస్టర్ లారెన్స్’ యువతకు వెంటనే నచ్చుతుంది. క్యాన్సర్ చికిత్స పొందుతూ ఆయన డైరీలా రికార్డు చేసుకున్న ‘12’ అనే ఆల్బమ్ 2023 జనవరిలో వచ్చింది, మార్చిలో ఆయన పోయారు. అదే నెలలో, 99 ఏళ్ల వయసులో, ఇథియోపియా సన్యాసిని ఎమహోయ్ త్సెగె మర్యమ్ గెబ్రూ కూడా కన్నుమూశారు. ఆవిడ పియానో వింటే మోహన, హంసధ్వనిలాంటి అయిదు స్వరాల రాగాలకు అలవాటుపడ్డ మనకు ఎక్కడో చుట్టరికం ఉన్నట్టు అనిపిస్తుంది. సాయంత్రం నడకకు, వంటింటి పనికి హుషారు కావాలంటే స్కాట్ జాప్లిన్ ‘మేపుల్ లీఫ్ ర్యాగ్’.

మన చెవికి పియానో

‘మనకు పియానో ఏమిటండీ’ అన్నవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. పియానోలో మీటకూ మీటకూ మధ్య జారే వీలు లేదు. వయొలిన్ మనదైపోయింది, పియానో కాలేదు, కారణం అదే. అయినా చెన్నైకి చెందిన అనిల్ శ్రీనివాసన్ పియానో మీద, సిక్కిల్ గురుచరణ్ గాత్రంతో కలిసి చేసిన ప్రయోగాలు వినండి. గమకాన్ని గొంతుకు వదిలేసి పియానో వెనక వెన్నెల పరిచినట్టు ఉంటుంది.

మంచాన ఉన్న పెద్దవాళ్లకు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం షోపాన్, సాటీ అని పట్టుబట్టకండి. వాళ్లకు తెలిసిన పాటే వాళ్లకు మందు. అమ్మమ్మకు ఇష్టమైన పాత సినిమా పాటో, అన్నమయ్య కీర్తనో ఎవరో పియానో మీద వాయించింది ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. అది పెట్టి పక్కన కూర్చోండి.

ఇక తల్లిదండ్రుల ప్రశ్న ఒకటుంది. ‘మొజార్ట్ వినిపిస్తే ర్యాంకు వస్తుందట కదా?’ రాదు. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు మొజార్ట్ రెండు పియానోల సొనాటాను పది నిమిషాలు వినిపించారు. ఆకారాలను ఊహించే ఒక పరీక్షలో వాళ్లు కాస్త బాగా చేశారు, ఆ ప్రభావం పావుగంటకు మించలేదు. దాన్నే పట్టుకుని 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇవ్వాలన్నాడు! 2010లో వియన్నా విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 40 అధ్యయనాలను కలిపి చూసి ఆ మాటకు ఆధారం లేదని తేల్చారు. పిల్లలకు మొజార్ట్ వినిపించండి, బాగుంటుంది కాబట్టి. ర్యాంకుకు చదువు, ఎనిమిది గంటల నిద్ర.

ఎలా వినాలి?

పడుకోవడానికి అరగంట ముందు పెద్ద లైటు తీసేయండి. పాటలను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. లేకపోతే వెన్నెల మధ్యలో సబ్బు ప్రకటన గుండె అదిరేలా వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఆపేసి, అరగంటకు ఆగిపోయేలా టైమరు పెట్టండి. ఫోను చేతికి అందనంత దూరంలో ఉండాలి. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోవద్దు, చిన్న స్పీకరు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే నాలుగు గంటలే. మీ ఇయర్‌ఫోన్లలోని పాట పక్కవాళ్లకు వినపడుతోందంటే తగ్గించుకోవాల్సిందే. ఒకసారి దెబ్బతిన్న లోచెవి కణాలు మళ్లీ మొలకెత్తవు.

మూడు, నాలుగు వారాలు ఇలా చేసినా ఫలితం లేకపోతే డాక్టరును కలవండి. గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడటం, పగలు కూర్చున్నచోటే కునుకు ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు. ఏడాదుల తరబడి నిద్రమాత్రలు వాడుతున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు. డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి.

పాట అయిపోగానే ఇంకోటి పెట్టకుండా కాసేపు ఊరుకోండి. ఇటలీ పరిశోధకులు 24 మందికి రకరకాల సంగీతం వినిపించిన సంగతి 2006లో ‘హార్ట్’ పత్రికలో వచ్చింది. వేగంగా సాగే సంగీతానికి వాళ్ల గుండె వేగం, బీపీ పెరిగాయి. మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపేసినప్పుడు అవి వినక ముందున్న దానికన్నా కిందికి దిగాయి.