బాధ లేకపోతే జబ్బు లేనట్టేనా?

రాణి బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టర్ దంపతుల బృందం 1989లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. తెలంగాణ సరిహద్దుకు ఆవల, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించారు. బాధలున్నాయని చెప్పింది 55 శాతం మంది. పరీక్షలో ఏదో ఒక స్త్రీ వ్యాధి బయటపడింది 92 శాతం మందిలో! వాటిలో సగం దాకా ఇన్ఫెక్షన్లే.

చెప్పుకోకపోవడానికి సిగ్గు ఒక కారణం కావచ్చు. కానీ శరీరమే చెప్పని జబ్బులూ ఉన్నాయి. గర్భాశయ ముఖద్వారం కంటికి కనబడదు, దానికి నొప్పి తెలియడమూ తక్కువే. క్లమీడియా సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. అది నెమ్మదిగా పైకి పాకి గర్భనాళాలను దెబ్బతీస్తుంది. పెళ్లయి ఏళ్లు గడిచాక, పిల్లలు కలగలేదని డాక్టరు దగ్గరికి వెళ్తేగాని నాళాలు మూసుకుపోయిన సంగతి బయటపడదు. భర్త నుంచి సోకినా, గొడ్రాలన్న మాట పడేది మాత్రం ఆమే.

తెల్లబట్టను జబ్బుకు గుర్తుగా నమ్ముకుందామా అంటే అదీ కుదరదు. కొంత తెల్లబట్ట సహజం. దుర్వాసన, దురద, రంగు మారడం ఉంటే చూపించుకోవాల్సిందే. అయితే అలాంటి ఇన్ఫెక్షన్లన్నీ సంపర్కంతో వచ్చేవి కావు. యోనిలో ఉండే సూక్ష్మజీవుల సమతుల్యం చెడినా వస్తాయి, అనుమానాలతో కాపురాలు పాడుచేసుకోనక్కర్లేదు. అసలు చిక్కేమిటంటే, లక్షణాలను బట్టి మందులిచ్చే పద్ధతి లక్షణాల్లేనివాళ్లను ఎప్పటికీ పట్టుకోలేదు.

హెచ్‌ఐవీ ఇంకా గుంభనం. మొదట్లో నాలుగు రోజుల జ్వరంలా వచ్చిపోయి, ఎనిమిది పదేళ్లు మౌనంగా ఉండగలదు. సవాయి (సిఫిలిస్), గనేరియా వంటివి ఉంటే అది అంటుకోవడం మరింత సులువు. గర్భిణికి చికిత్స లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సకాలంలో మందులు వాడితే 5 శాతం లోపే. అందుకే గర్భం నిలిచిందని తెలియగానే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు రెండూ చేయించుకోవాలి.

ప్రభుత్వ ఐసీటీసీ (సలహా, పరీక్షల) కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మనిషి సమ్మతి తీసుకునే చేయాలి. సోకిన కొత్తలో పరీక్షకు దొరక్కపోవచ్చు, కాబట్టి అనుమానముంటే మూడు నెలలకు మళ్లీ చేయించాలి. సుఖవ్యాధి అని తేలితే భర్తకూ చికిత్స జరగాలి, లేకపోతే నయమైన జబ్బే తిరిగి అంటుకుంటుంది. సందేహాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు.