తంబి గారు సెయింటా, కాదా?

మామిడిపల్లి నుంచి మాట్లాడుతున్నాను, మధ్యలో విమానం సౌండ్ వస్తే ఏమీ అనుకోకండి, మా ఊళ్ళో అది మామూలే. పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అవుటపల్లి తంబి గారిని సెయింట్ అని స్టేటస్ పెడితే మా విచారణ ఫాదర్ తీసేయమన్నారు, ఎందుకు?" మంచి ప్రశ్న. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆయన ఎవరో చెప్తాను. బ్రదర్ జోసెఫ్ తంబి. తమిళ మూలాలున్న కుటుంబం, పుట్టింది మాత్రం సైగాన్‌లో, అంటే ఇప్పటి వియత్నాం. ఎక్కడెక్కడో తిరిగి చివరికి కృష్ణా జిల్లా పెద అవుటపల్లి చేరారు. మనకు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ఎలాగో, ఆ ఊరికి గన్నవరం ఎయిర్‌పోర్ట్ అలాగ, పక్కనే. 1945 జనవరి 15న అక్కడే చనిపోయారు. సమాధి కూడా అక్కడే ఉంది. ఏటా సంక్రాంతి రోజుల్లో ఊరంతా జనమే, కథోలికులు కానివాళ్ళు కూడా వస్తారు.

ఆయన ఫాదర్ కాదు, బిషప్ కాదు. అస్సీసి ఫ్రాన్సిస్ గారి మూడవ సభ సభ్యుడు. ఈ సభ గృహస్థుల కోసం. మఠంలో చేరకుండా, మామూలు మనుషుల మధ్యనే ఉంటూ ఫ్రాన్సిస్ గారి పేదరికాన్ని, ప్రార్థనను పాటించే దారి అది. క్రీస్తు పంచగాయాలు ఆయన ఒంటి మీద కనిపించేవని భక్తులు చెప్పుకుంటారు. నన్నడిగితే, దానికంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. ఎక్కడో పుట్టి, భాష కూడా తనది కాని ఊరికి వచ్చి, ఏ పదవీ లేకుండా బతికిన మనిషిని ఆ ఊరు ఎనభై ఏళ్ళుగా మర్చిపోలేదు.

ఇక అసలు ప్రశ్న. తిరుసభలో నాలుగు మెట్లున్నాయి. కేసు మొదలైతే దైవసేవకుడు. ఆ మనిషి సుగుణాలను అసాధారణ స్థాయిలో జీవించాడని రుజువైతే పూజ్యుడు. ఆయన ప్రార్థన వల్ల ఒక అద్భుతం జరిగిందని తేలితే ధన్యుడు, ఆ తర్వాత ఇంకొక అద్భుతం జరిగితే పునీతుడు. తంబి గారు ఇప్పుడు మొదటి మెట్టు మీద, దైవసేవకుడిగా ఉన్నారు. కాబట్టి ఫాదర్ చెప్పింది కరెక్టే. ఇది కొత్త రూల్ కూడా కాదు, 1634లోనే ఎనిమిదవ అర్బన్ పోపు గారు గట్టిగా పెట్టారు. తిరుసభ తీర్పు రాకముందే జనమే పునీతుడని ప్రకటించేసి బహిరంగంగా ఆరాధన మొదలుపెడితే ఆ కేసుకే దెబ్బ.

ఎంత టైమ్ పడుతుందో చూడండి. కేరళ అల్ఫోన్సమ్మ గారు 1946 జూలైలో చనిపోయారు, తంబి గారి తర్వాత ఏడాదిన్నరకు. ఆమెది కూడా ఫ్రాన్సిస్కన్ కుటుంబమే, క్లారిస్ట్ సిస్టర్. 1986లో ధన్యురాలు, 2008లో పునీతురాలు అయ్యారు. దేవసహాయం పిళ్ళై గారు గృహస్థుడు, 1752 జనవరి 14న వేదసాక్షిగా చనిపోయారు. పునీతుడైంది 2022లో. అంటే 270 ఏళ్ళు!

మరి తంబి గారి లాంటి వాళ్ళ విషయంలో కష్టం ఎక్కడ? గొప్ప పదవిలో ఉన్నవాళ్ళకు ఆఫీసులు, ఫైళ్ళు, రికార్డులు ఉంటాయి. నలుగురిలో ఒకడిగా బతికినవాడికి సాక్ష్యం జనం జ్ఞాపకమే. 1945లో పదేళ్ళున్న పిల్లలకు ఇప్పుడు తొంభై దాటింది. మీ అమ్మమ్మో తాతయ్యో ఆ వైపు వాళ్ళయితే, ఆయన్ని చూసినవాళ్ళు చెప్పిన మాటలు ఇంట్లో ఉంటే, ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, ఏ ఊరు, అన్నీ ఉండాలి. మసాలా వేయొద్దు, ప్లీజ్.

అద్భుతాల ఫార్వర్డ్‌ల సంగతి కూడా చెప్పాలి. "తంబి గారి సమాధి మట్టి రాస్తే క్యాన్సర్ పోయింది, పదిమందికి పంపండి" లాంటి మెసేజ్ కేసుకు పైసా పనికిరాదు. స్వస్థతను ముందు డాక్టర్లు పరీక్షిస్తారు. పూర్తిగా తగ్గిందా, మళ్ళీ రాలేదా, వైద్యంతో వివరించలేరా అని చూస్తారు. ఆ తర్వాతే వేదాంతులు, కార్డినల్స్, చివరికి పోపు గారు. అంటే స్కాన్‌లు, రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితాలు కావాలి. అందుకే ప్రార్థన చేసుకోండి, మందులు మాత్రం ఆపకండి. మందు మానేయడం విశ్వాసం అని ఎవరైనా చెప్తే వినొద్దు.

ఇంట్లో ఫోటో పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు. సొంతంగా ఆయన సాయం అడుగుతూ ప్రార్థన చేసుకోవచ్చు, సమాధి దగ్గరకు వెళ్ళొచ్చు. గుడిలో పీఠం మీద పెట్టడం, తల చుట్టూ కాంతి వలయం గీయడం మాత్రం ఇప్పుడే వద్దు. తమ్ముడూ, స్టేటస్‌లో "దైవసేవకుడు జోసెఫ్ తంబి" అని మార్చి మళ్ళీ పెట్టుకో. ఫాదర్ ఏమీ అనరు.