ఆవగింజంత సంతకం

మా పెదనాన్న ఇచ్చిన చెక్కు బ్యాంకు నుంచి తిరిగొచ్చింది. సంతకం కలవలేదట. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద గుండ్రంగా రాసిన చెయ్యి అది. ఇప్పుడు మొదటి అక్షరం సెనగబద్దంత ఉంటే, చివరిది ఆవగింజంత అవుతోంది. గుమాస్తా పట్టేసిన తేడాని ఇంట్లో మేమెవరం పట్టుకోలేకపోయాం. అన్నం కలపడానికి అంతసేపు పడుతుంటే వయసనుకున్నాం. నడుస్తుంటే కుడి చెయ్యి ఊగడం మానేసిన సంగతి చూడనే లేదు. నవ్వు పలకని ముఖం చూసి, ‘నా మీద కోపమొచ్చిందేమో’ అనుకుంది పెద్దమ్మ. చెయ్యి వణకడం లేదుగా, పార్కిన్సన్స్ అన్న అనుమానం ఎవరికొస్తుంది?

వణుకుడు జబ్బు అన్న పేరుతోనే వచ్చింది చిక్కంతా. వణుకు అందరికీ రాదు. వచ్చినా మొదట ఒక పక్కనే, అదీ చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు కనిపిస్తుంది. గ్లాసు అందుకోబోతే తగ్గుతుంది. నరాల డాక్టరు ముఖ్యంగా చూసేది కదలికల్లో మందకొడితనం, దానికి తోడు కండరాల బిగువు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ రాసిన చిన్న పుస్తకంలో ఉన్నది ఆరుగురి కథే. వాళ్లలో కొందరిని ఆయన వీధిలో చూశాడంతే. ఇవాళ కూడా జబ్బును పోల్చేది ప్రధానంగా మనిషిని చూసే. ఎంఆర్ఐ చాలావరకు వేరే జబ్బేదీ కాదని తేల్చుకోవడానికే.

డాక్టరు ముందు అడిగింది పాత మందుల చీటీలు. కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి వాడే సిన్నారిజిన్, గ్యాస్ బిళ్ళల్లో కలిసొచ్చే లెవోసల్పిరైడ్ లాంటివి అచ్చం ఇలాంటి లక్షణాలే తెచ్చిపెట్టగలవు. అలాంటప్పుడు డాక్టరు ఆ మందు మాన్పిస్తే చాలామంది తేరుకుంటారు. మందుల షాపులో అడిగి కొనుక్కునే అలవాటున్న మనకి ఇది పెద్ద విషయం.

పెదనాన్నది మందుల వల్ల వచ్చింది కాదు. మధ్య మెదడులో నల్లగా కనిపించే చిన్న చోట డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతూ ఉంటాయి. కదలికలు మందగించేసరికే వాటిలో చాలా భాగం పోయి ఉంటుంది. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, కలలో అరుస్తూ కాళ్లు విసరడం కొందరిలో ఏళ్ల ముందే మొదలవుతాయి. ఇంగువ పోపు వాసన తగలడం లేదని ఆయన ఎప్పుడో అన్నాడు. వంట బాగోలేదని వంక పెడుతున్నాడనుకున్నాం.

డోపమైన్‌ని మింగితే మెదడులోకి చేరదు. లెవోడోపా చేరుతుంది, అక్కడ డోపమైన్‌గా మారుతుంది. దారిలోనే ఖర్చైపోకుండా కార్బిడోపా కాపు కాస్తుంది. ఈ లెవోడోపా మన చేల గట్ల మీది దూలగొండి గింజల్లో ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి చూపించారు. అలాగని ఆ పొడి కొని తినడం తెలివితక్కువ పని: ఏ చెంచాలో ఎంత మందు ఉందో ఎవరు చెప్పగలరు?

జబ్బు ముదరకుండా ఆపే మందు ఇంకా లేదు. ఉన్న మందుకి మాత్రం గడియారం కావాలి. పప్పు, పెరుగు, గుడ్డులోని మాంసకృత్తులు లెవోడోపాతో పోటీ పడతాయి. అందుకే భోజనానికి అరగంట ముందు బిళ్ళ. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కో బిళ్ళ పనిచేసే సమయం తగ్గుతుంది. రెండు బిళ్ళల మధ్య మనిషి కొయ్యబారిపోతాడు, మోతాదు ఎక్కువైతే ఒళ్లు మెలికలు తిరుగుతుంది. ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఇంకో జబ్బుతో ఆసుపత్రిలో చేరినా ఆ వేళలు తప్పకూడదని పోరాడాల్సింది ఇంటివాళ్లే.

మందుకి బాగా లొంగుతూనే ఈ ఎగుడుదిగుళ్లతో సతమతమయ్యేవాళ్లలో కొందరికి మెదడులో సన్నని తీగలు అమర్చి, ఛాతీలో చర్మం కింద బ్యాటరీ పెడతారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ బృందం మొదలుపెట్టిన దారి ఇది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్ చేస్తారు.

పెదనాన్నకి అది వద్దన్నారు. ఇప్పుడు ఆయనకి గుమ్మం దాటడం కష్టం. పాదాలు నేలకి అతుక్కుపోతాయి. ఎదురుగా అడ్డగీత కనిపిస్తే మాత్రం దాని మీంచి అడుగు వేయగలడు. ఫిజియోథెరపిస్టు ఈ కిటుకు చెప్పినప్పటి నుంచీ పెద్దమ్మ రోజూ వాకిట్లో ముగ్గేసి, మిగిలిన పిండితో గది గుమ్మంలో మూడు గీతలు గీస్తుంది. మొన్న పనమ్మాయి తెలియక తడిగుడ్డ పెట్టింది. పెద్దమ్మ పిండి డబ్బా తెచ్చేదాకా పెదనాన్న అక్కడే నిలబడ్డాడు.